బాజాగుడిలో గాలి కొట్టినాయన

శామీర్‌పేట, కాలేజీ హాస్టల్
6 అక్టోబరు 2025

వడ్ల వంశ తిలకులు, ఉలి బాడిశల ధురంధరులు, మహారాజశ్రీ సత్తయ్య తాతగారి సముఖానికి,

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయాలి. రాయను. నేను క్షేమంగా లేను, కోపంగా ఉన్నాను. ఫోన్ చేద్దామంటే నీకు వినపడదు. ఏం అడిగినా "ఆఁ, తిన్న బిడ్డా" అంటావు. అందుకే కాగితం మీదికి దిగాను. కాగితం మీద ఎంత అరిచినా పక్క మంచం శ్రీదివ్య నిద్ర చెడదు.

సంగతి ఏమంటే, బాజాగుడి వాళ్లు పుస్తకం వేశారు. మేడ్చల్ అవతల రైలు పట్టాల పక్కనున్న ఆ చర్చిని ఊరంతా బాజాగుడి అనేదే దానిలోని పైపు ఆర్గన్ వల్ల. ఆ ఆర్గన్ కాలిపోయి వచ్చే నెలాఖరుకి ఏడాది. ఆ దుఃఖాన్ని పురస్కరించుకొని కమిటీవాళ్లు "మూగబోయిన మహావాద్యం" అని అరవై నాలుగు పేజీల సంచిక తెచ్చారు. రాసింది ఫణిభూషణ్ గారు. దుండిగల్ దగ్గర కొత్త కాలనీలో ఉంటారు. రిటైర్డ్ ఇంజినీరు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడి పాత గోడలన్నిటినీ దత్తత తీసుకున్న పెద్దమనిషి. నవంబరు 30న స్మారక సభలో పంచుతారు. జీవరత్నం టీచరమ్మ మనవరాలు అశ్రిత నా క్లాసే కాబట్టి ఒక ప్రతి ముందే నా చేతికి వచ్చింది.

చరిత్ర చిత్తగించు. ఎవరో దొర పోతే ఆయన జ్ఞాపకార్థం దొరసాని ఆర్గన్ తెప్పించింది. ఓడ మీద బొంబాయికి, రైలు మీద సికింద్రాబాద్‌కు, అక్కణ్ణుంచి ఆరు ఎడ్లబండ్ల మీద మూడు రోజుల నడక. దారిలో ఒక ఎద్దు మొరాయించింది. ఆ ఎద్దుకు అర పేజీ ఇచ్చారు తాతా. నాలుగు వందల పన్నెండు గొట్టాలు, ఎద్దు తోలుతో చేసిన గాలితిత్తి. వాయించినవాళ్లు దొరసాని మొదలు మన టీచరమ్మ వరకు తొమ్మిది మంది, ఫొటోలతో సహా.

మరి గొట్టం పాడాలంటే గాలి కావాలి గదా. గాలి రావాలంటే పెట్టె వెనకాల చీకట్లో నిలబడి, నడుమెత్తు మీట పట్టుకొని, పాట అయ్యేదాకా ఒకరు కిందికీ మీదికీ కొట్టాలి గదా. ముత్తాత భిక్షం ముప్పై ఏళ్లు కొట్టాడు. నువ్వు నలభై ఏళ్లు కొట్టావు. మోటరు పెట్టాక కూడా కరెంటు పోయిన ప్రతి ఆదివారం నీ రెక్కలే మోటరు. అరవై నాలుగు పేజీలు ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకి వెతికాను. ఎద్దు ఉంది. మీరు లేరు.

కాదు, అబద్ధమాడాను. నువ్వున్నావు. యాభై రెండో పేజీలో:

"2024 నవంబరు 30 సాయంత్రం, మరమ్మతుకు పిలిపించిన స్థానిక వడ్రంగి సత్తయ్య అజాగ్రత్త కారణంగా మంటలు చెలరేగి, శతాధిక వత్సరాల ఈ మహావాద్యం గంటన్నరలో భస్మమైంది. సదరు వడ్రంగి తన తప్పును కమిటీ ఎదుట స్వయంగా అంగీకరించాడు."

సదరు వడ్రంగి! నలభై ఏళ్లు ఊపిరి పోసినవాడు సదరు, మొరాయించిన ఎద్దు చారిత్రకం!

నువ్వు కమిటీ ముందు ఏమన్నావు? ఎవరు అనిపించారు? వెంటనే రాయి. నేను మాత్రం నీ జవాబు వచ్చేదాకా ఆగే రకం కాదు. పంచేలోపు ఆ పేజీ మారాలి. కమిటీకి ఇవాళే ఒక లేఖాస్త్రం వదులుతున్నాను.

మండుతున్న మనవరాలు,
తేజస్వి (న్యాయశాస్త్రం: మూడో సంవత్సరం; అన్యాయం: ఇవాళే మొదలు)


సిద్దిపేట
13 అక్టోబరు 2025

బిడ్డా తేజూ,

నీ కాయితం అందింది. మీ అత్త రోజారాణి సదివి పెడ్తనన్నది గని, నేనే భూతద్దం పెట్టి సదివిన. కన్ను మంచిగనే ఉన్నది, డాక్టరు ఇగ సుక్కలమందు అక్కెర లేదన్నడు. మీ అత్త రోజు పొద్దుగాల రాగి జావ పోస్తాంది. నేనేమన్న కోడెదూడనా అని అడిగిన. నవ్వుతది గని మానదు.

నీకు కోపం లావైతే అచ్చరాలు సన్నగైతయి. కొన్ని కాడ భూతద్దం గూడ సాల్లేదు.

పుస్తకంల ఎద్దు తోలు అని రాసిండ్రా? ఎవడు జెప్పిండు గాయనకు? ఎద్దు తోలు బిర్రుగుంటది, మడత కాడ పలుగుతది. అది గొర్రె తోలు. కరువు సాలు ఎలుకలు తిత్తి కొరికితె మా నాయిన భిక్షం మేడ్చల్ సంతల గొర్రె తోలు ఏరి ఏరి తెచ్చి, పద్దెనిమిది దినాలు కూసొని మడతలన్ని కొత్తగ కుట్టి అంటుపెట్టిండు. నేను పక్కకు కూసొని సెక్క పట్టుకున్న. రేపు ఎవడన్న ఆ పుస్తకం సూసి కొత్త బాజా కట్టి ఎద్దు తోలు ఏస్తె, రెండేండ్లకు పలిగి కూసుంటది. గా ముక్క దిద్దుమని జెప్పు. జల్దీ జెప్పు.

నా ముచ్చట ఇడిసిపెట్టు. తప్పు నాదే అన్న. నోటితోని అన్నమాట. ఎవరు అనిపియ్యలే. కమిటీ సార్లు అడిగిండ్రు, నేను అన్న, అయిపోయింది. దానికి మల్ల కాయితాలెందుకు?

నీకు తెల్వని ఒక ముచ్చట జెప్త. టీచరమ్మ ముంగట కూసునేది, నేను పెట్టె ఎనుక. నలభై ఏండ్లు ఒకరి మొకం ఒకరికి కనపడలే. ఆమె పాట షురూ జేసే ముందుగాల సెక్క మీద ఒక్క దెబ్బ గొడ్తది. అంటె, సత్తయ్యా తయారేనా అని. నేను లోపటికెల్లి రెండు దెబ్బలు కొడ్త. అంటె, గాలి ఉన్నది అని. నా రెండు దెబ్బలు ఇనపడకుంట ఆమె ఎన్నడు మెట్టు మీద ఏలు పెట్టలే. ఫాదర్ గారు తొందర పెట్టినా పెట్టలే.

టీచరమ్మ ఎట్లున్నది? నేను అడిగిన అని మాత్రం జెప్పకు.

మీ అవ్వను మోకాళ్లకు నూనె రాసుకొమ్మను.

తాత


మేడ్చల్, ఇల్లు
19 అక్టోబరు 2025

పూజ్యులైన నేరస్థుల వారికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గుడి తగలబెట్టినవాడివని నిన్నంటే నువ్వు గొర్రె తోలు గురించి రాస్తావా? ఉరికంబం ఎక్కిస్తుంటే కూడా "కర్రకు సీల సరిగ్గ దిగలే" అని దిద్దిపోయే మనిషివి నువ్వు.

నిన్న స్వయంగా ఫణిభూషణ్ గారింటికి వెళ్లాను. కాఫీ ఇచ్చారు. కాఫీ బాగుంది, అది ఆయన పాపాన్ని తగ్గించదు. "చూడమ్మా, మీ తాతగారి మీద నాకేమీ ద్వేషం లేదండీ. వృద్ధులు, మర్చిపోతారు" అన్నారు. ఏం మర్చిపోయాడండీ అన్నాను. "సరేసు కాచుకునే కుంపటి ఆర్పకుండా వెళ్లిపోయారు. సరేసు అంటే తెలుసా, వడ్రంగులు చెక్కలు అంటించే జిగురు, నిప్పు మీద కాస్తేనే కరుగుతుంది" అని నాకు వివరించారు. తాతా, వడ్ల సత్తయ్య మనవరాలికి సరేసు అంటే ఏమిటో చెప్పారు! చేపకు నీళ్లంటే ఏమిటో చెప్పినట్టు. నా చిన్నప్పుడు మన ఇంట్లో అత్తరు సరేసే.

కుంపటిని ఎవరు చూశారు అని అడిగాను. ఎవరూ చూడలేదట. "జిగురుకు నిప్పు కావాలి, నిప్పు ఉంటే మంట వస్తుంది, ఆయనే తప్పు నాదన్నారు" అని మూడు వేళ్లు ముడిచి చూపించారు. ఇంజినీరు గదా, లెక్క సరిపోయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నువ్వు ఎవరినో కాపాడుతున్నావు. నాకు తెలిసిపోయింది. కిందటేడు దసరాకు ఆ ఆర్గన్ మోటరు చుట్టూ డబ్బా బిగించింది ఎవరు? నాగారంలో ప్లాస్టిక్ కిటికీలు చేసే శ్రీమాన్ రమేష్ గారు, అనగా నా కన్నతండ్రి. బాపు చేతిలో ఏదో తేడా జరిగింది, కొడుకు పేరు రాకూడదని నువ్వు నెత్తిన వేసుకున్నావు. అవునా కాదా? ఇక్కడ బాజాగుడి మాట ఎత్తితే చాలు, బాపు లేచి బండి తుడవడానికి పోతున్నాడు. తుడిచిన బండినే తుడుస్తున్నాడు.

ఇంకొకటి. కమిటీకి రాసిన లేఖలో సాక్ష్యం కూడా పెట్టాను. "మా తాత ఏళ్ల తరబడి ఆ ఆర్గన్‌కు పగిలిన చెక్క గొట్టాలు తీసి కొత్తవి చేశాడనడానికి రుజువుగా పాత గొట్టాలు పదకొండు మా ఇంట్లోనే ఉన్నాయి" అని. వాన నీళ్లు పోయే గొట్టం, కోళ్లు ఎక్కి కూర్చునేది, అవ్వ చీపుర్లు పెట్టేది, హాస్టల్లో నా పెన్నులు పెట్టుకునే పొట్టిది, అన్నీ లెక్కపెట్టి రాశాను. ఎంత గట్టి సాక్ష్యమో చూశావా?

కితాబు ఇవ్వకపోయినా ఫర్వాలేదు,
నీ తరఫు వకీలు


సిద్దిపేట
27 అక్టోబరు 2025

తేజస్వీ,

ఎవరు అడిగిండ్రు నిన్ను? గొట్టాల ముచ్చట ఎందుకు రాసినవు? ఇరవై ఏండ్లొచ్చినయి, సదువుకుంటున్నవు, నోరు కట్టుకునుడు మాత్రం ఏ కాలేజిల నేర్పుతలేరా?

మా పనిల ఒక కట్టడి ఉన్నది. తీసిన సెక్క పనోనిది. తలుపు మారిస్తె పాత తలుపు, దూలం మారిస్తె పాత దూలం. అడుగుడు లేదు, ఇచ్చుడు లేదు, అది అట్లనే. మా తాతప్పటి సంది అంతే. గాని కాలనీల ఉండే సార్లకు గిది తెలుస్తదా? నువ్వు సాక్ష్యం అని రాసినవు, వాళ్లు దొంగసొత్తు అని సదువుకుంటరు. సూస్తుండు.

ఇగ మీ బాపు. ఎట్లొచ్చింది నీకు గా ఆలోచన? వాడు బిగించిన డబ్బ మూల మూలకు రబ్బరు పెట్టి బిగించిండు, నేను దగ్గరుండి సూసిన. బాజ కాలిననాడు వాడు బకెట్లు మోసి సేతులు బొబ్బలెక్కించుకున్నడు. చిన్నప్పుడు నేను గాలి కొడ్తుంటె వాడు తిత్తి పక్కకే పండుకునేటోడు. వానికి కడుపుల బాధ ఉన్నది, అందుకే లేచిపోతడు. నువ్వు వాణ్ణి అనుమానం పెట్టుకున్నవని నాకు బాధయింది.

కుంపటేంది? ఎక్కడిది కుంపటి? ఆనాడు నేను కుంపటి కొంచపోలే. సరేసు కాయలే. అమాస నాడు మేము సరేసు కాస్తమా?

నీకు జెప్పొద్దనుకున్న గని జెప్త. ఆనాడు కార్తీక అమాస. అమాస నాడు వడ్లోడు పనిముట్టు ముట్టడు. కడిగి, బొట్టు పెట్టి, పక్కకు పెడ్తడు. మా నాయిన ముట్టలే, నేను ముట్టలే, యాభై ఏండ్లల్ల ఒక్క అమాస ముట్టలే. ఆనాడు పగటిపూట టీచరమ్మ మనిషిని పంపింది. ఒక గొట్టం ఊకుంటలేదు, మెట్టు ఇడిసినా పాడుతనే ఉన్నది, ఒక్కతె ఏడ్సినట్టు. తెల్లారి ఐతారం, పండుగ ఆరాధనలు షురూ. ఆమె వాయించుడు గూడ ఆఖరిసారి, ఏళ్లు వంగుతలేవని మానుకుంటనన్నది. నేను పోయిన. ఒక్క ఉలి, ఒక తోలు పట్టీ జేబుల ఏసుకొని పోయిన. గొట్టం కింద సెక్క జర గీకిన, తోలు పట్టీ కట్టిన, ఊకున్నది. ఇంటికొచ్చి కాళ్లు కడుక్కునె వరకు పొగ కనపడ్డది.

ఇగ నువ్వే జెప్పు తప్పు ఎవరిది? యాభై ఏండ్లు ముట్టనిది ముట్టిన, నూరేండ్ల బాజ పోయింది. సార్లు ఎవరి తప్పు అని అడిగితె నాదే అన్న. ఇంకేమంటరు?

టీచరమ్మకు మొకం సూపెట్టలేక మీ అత్త ఇంటికొచ్చిన. కన్ను ఆపరేషను ఒక సాకు.

గొర్రె తోలు ముక్క దిద్దిండ్రా?

తాత


మేడ్చల్, ఇల్లు
3 నవంబరు 2025

తాతా,

ఈసారి బిరుదులు లేవు. కావాలంటే నాకే తగిలించు: పిడివాదుల పట్టపురాణి, తొందరపాటు తంత్రజ్ఞురాలు.

నీ ఉత్తరం హాస్టల్‌కు కాకుండా ఇంటికి రాశావు. శుక్రవారం అందింది. అవ్వకు చదివి వినిపించేది బాపే కదా. అలవాటుగా కవరు చింపాడు, అలవాటుగా గట్టిగా మొదలుపెట్టాడు. "నువ్వు వాణ్ణి అనుమానం పెట్టుకున్నవని" దగ్గర ఆగిపోయాడట. మిగతాది గొంతు తగ్గించి చదివాడట. శనివారం నేను వచ్చి తినడానికి కూర్చుంటే బాపు ఎదురుగా కూర్చున్నాడు. అన్నం గిన్నె నా వైపు జరిపాడు. కూర గిన్నె జరిపాడు. ఆ చేతుల మీద మచ్చలు నేను ఏడాదిగా చూస్తూనే ఉన్నాను, కిటికీల పనిలో కాలిందనుకున్నాను. 

తర్వాత అవ్వ అసలు బాంబు వేసింది. నీ ఉత్తరం విన్నప్పటి నుంచి గొణుగుతూనే ఉందట. "కుంపటి ఆర్పలేదా? ఎవడన్నడు? ఆ కుంపటి ఆనాడు నా పొయ్యి కాడనే ఉండె! గ్యాసు అయిపోయి రెండు దినాలైంది, దాని మీదనే బియ్యం పెట్టిన. మీ తాతకు ఆ పూట సల్లటి మెతుకులు పెట్టలే, కుంపటి మీద ఉడికిన బువ్వనే పెట్టిన. ఎవనికన్న అనుమానముంటె నా ముంగటికి రమ్మను!"

బాపు ఫోన్ తీశాడు. గ్యాస్ కంపెనీ మెసేజ్‌లు. బుక్ చేసింది నవంబరు 29, బండ వచ్చింది డిసెంబరు 2. నా మూడేళ్ల చదువులో ఇంత ముద్దొచ్చే సాక్ష్యం చూడలేదు.

నువ్వన్నట్టే జరిగింది కూడా. నిన్న ఆదివారం కమిటీ కార్యదర్శి, ఫణిభూషణ్ గారు, ఇంకొకాయన కొలిచే టేపు పట్టుకొని దిగారు, గొట్టాలు "పరిశీలించడానికి". ఫణిభూషణ్ గారు వాన గొట్టానికి నాలుగు దిక్కుల నుంచీ ఫొటోలు తీశారు. "ఇది చర్చి ఆస్తి కదండీ, ఇక్కడ కోడి ఎక్కి ఉందేమిటి?" అన్నారు. అవ్వ చీపురు పక్కన పెట్టలేదు. "సారూ, పురుగు పట్టి పలిగిన సెక్క. మీరు పొయ్యిల పెడ్తుంటె మా ఆయన తెచ్చి కోడిని కూసోబెట్టిండు. కోడికి తెలిసిన మర్యాద మీకు తెల్వదా? అది ఎన్నడన్న కొలిచిందా?" అంది. కార్యదర్శి టేపు చుట్టేశారు.

"తీసిన చెక్క పనోనిది" అన్నాను. అలాంటి నియమం ఏ కాగితంలో ఉందని అడిగారు. మీ కమిటీవాళ్లు చర్చిలోకి చెప్పులు విడిచి వస్తారు గదా, అది ఏ కాగితంలో ఉందని అడిగాను. ఫణిభూషణ్ గారు ఫొటోలు తీయడం ఆపారు. 9వ తేదీ కమిటీ మీటింగ్‌కు వచ్చి చెప్పుకోమన్నారు.

వస్తాం. కుంపటి కూడా వస్తుంది.

తలవంచుకొన్న,
తేజ

తా.క. అమాస గురించి నీతో వాదించను. అది నీకూ నీ ఉలికీ మధ్య సంగతి. కానీ కమిటీ నిన్ను అడిగింది అమాస గురించి కాదు. నువ్వు ఒక ప్రశ్నకు జవాబు చెప్పావు, వాళ్లు ఇంకో ప్రశ్న కింద రాసుకున్నారు.


శామీర్‌పేట, హాస్టల్
16 నవంబరు 2025

తాతా,

కూర్చున్నావా? కూర్చో. భూతద్దం తెచ్చుకో. అక్షరాలు సన్నగా ఉంటాయి, ముందే చెబుతున్నాను.

9వ తేదీ బాపు తన కిటికీల బండిలో నన్నూ అవ్వనూ కుంపటినీ ఎక్కించుకొని తీసుకెళ్లాడు. దారి పొడుగునా ఒకే మాట అన్నాడు: "గట్టిగ మాట్లాడు, గని తాత లెక్క మాట్లాడు." అంటే ఎట్లా అని అడిగితే "తక్కువ" అన్నాడు. పాటించలేకపోయాను.

గుడిలో ఆర్గన్ ఉన్నచోట నల్లటి గోడ. దాని ముందు పూలకుండీలు పెట్టారు. అవ్వ నడిచివెళ్లి కమిటీ బల్ల మీద కుంపటి పెట్టింది. బాపు ఫోన్ చూపించాడు. నేను అమాస కట్టడి చెప్పాను. ఫణిభూషణ్ గారు కళ్లద్దాలు తీసి తుడుచుకొని, "మరి తప్పు నాదే అని ఎందుకన్నారండీ?" అన్నారు. నిజంగానే అర్థం కాక అడిగారు పాపం.

అప్పుడు వెనక బెంచీలో నుంచి టీచరమ్మ లేచింది. అశ్రిత చెయ్యి పట్టుకొని నెమ్మదిగా ముందుకొచ్చింది. "ఆయన అన్నాడు. నేను కూడా అందామనే వచ్చాను. అమావాస్య అని తెలిసీ కబురుపెట్టింది నేను. ఏడాదిగా ఆయన మా గడప తొక్కలేదంటే నా మీద కోపమనే అనుకున్నాను" అంది. తర్వాత కార్యదర్శి వైపు తిరిగి, "ఫైరింజన్ వాళ్లు రాసిచ్చిన కాగితం ఏదయ్యా?" అని అడిగింది.

కాగితం ఉంది తాతా! ఫైల్లో ఉంది! జనవరి నుంచి ఉంది! ఆర్గన్ వెనక పండుగ సీరియల్ లైట్లకు పెట్టిన కరెంటు బోర్డు మాడి మంట లేచిందని శుభ్రంగా రాసి, ముద్ర వేసి ఉంది. ఆ బోర్డు పెట్టించింది కమిటీ. మరి ఇది పుస్తకంలో ఎందుకు లేదండీ అంటే కార్యదర్శి అన్న మాట అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను: "ఆయనే ఒప్పుకున్నాడు గదా, ఇక కాగితం ఎందుకనుకున్నాం." ఫణిభూషణ్ గారికి ఆ కాగితం చూపించనే లేదట. ఆయన ముఖం కుంపటిలో బొగ్గులాగైంది. అడగకుండా రాసిన పాపం మాత్రం ఆయనదే, నేను మాఫీ చేయను.

ఈ మొత్తం వ్యవహారంలో తప్పు నాదే అన్నవాళ్లు ఇద్దరు. ఇద్దరిదీ తప్పు కాదు. తప్పున్నవాళ్లు మాత్రం స్మారక సంచిక వేసుకున్నారు.

గొట్టాల మాట వచ్చింది. టీచరమ్మ నవ్వింది. "పాత గొట్టం తీసిన ప్రతిసారీ నేనే ఆయన సంచిలో పెట్టేదాన్ని. తీసిన చెక్క పనివాడిదే గదా" అంది. నా వైపు చూసి కన్ను కొట్టిందని నా నమ్మకం. కన్నులో నలుసు పడిందని అశ్రిత నమ్మకం.

అయిపోయిందనుకున్నావా? 13న కమిటీ నుంచి సవరణ చీటీ వచ్చింది, పుస్తకంలో అంటిస్తారట. "52వ పేజీలో 'వడ్రంగి సత్తయ్య అజాగ్రత్త' అన్నచోట 'విద్యుత్ లోపం' అని చదువుకోగలరు." అంతే. కింది వాక్యం అలాగే ఉంచారు. ఇప్పుడు చదువు: విద్యుత్ లోపం వల్ల మంటలు లేచాయి, సదరు వడ్రంగి తన తప్పును అంగీకరించాడు. ఊళ్లో కరెంటు తప్పులన్నీ కూడా నీ ఖాతాలోకే!

ఆ చీటీ పట్టుకొని నేను కోపంతో చిందులేస్తుంటే, టీచరమ్మ కార్యదర్శిని ఇంటికి పిలిపించింది. నేనూ ఉన్నాను. ఆమె గొంతు పెంచలేదు. "నా ఫొటో తీసెయ్యండి" అంది. కార్యదర్శి కంగారుపడ్డారు. "నలభై ఏళ్లు నాకు గాలి ఎక్కడి నుంచి వచ్చిందని రాశారు? కిటికీలోంచా? గాలి కొట్టినాయన పేరు లేని పుస్తకంలో నా ఫొటో ఉండటానికి వీల్లేదు. సభకూ రాను" అంది. వాయించినవాళ్లలో బతికున్నది ఆమె ఒక్కతే. ఆమె రాకపోతే సభలో శాలువా కప్పడానికి పూలకుండీలే మిగులుతాయి.

నిన్న కొత్త యాభై రెండో పేజీ అచ్చయింది. మొదట మంట సంగతి, ఫైరింజన్ కాగితంలో ఉన్నది ఉన్నట్టు. దాని కింద "గాలి కొట్టినవారు" అని విడిగా శీర్షిక. వడ్ల భిక్షం. వడ్ల సత్తయ్య. ఎన్నేళ్లో కూడా ఉంది. ఫణిభూషణ్ గారు స్వయంగా ప్రెస్సులో కూర్చొని దిద్దారు. తోలు సంగతి చెప్పాను. "గొర్రె తోలు, సంత మేడ్చల్, మడతలు భిక్షం" అని నా ముందే రాసుకొని, "ఇంకా ఏమైనా తప్పులున్నాయా అని మీ తాతగారిని అడగగలరా?" అన్నారు. ఎద్దు అర పేజీ మాత్రం కదల్లేదు. ఎద్దుతో నాకు పేచీ లేదు.

చివరగా. టీచరమ్మ ఇంటి నుంచి వస్తుంటే నన్ను ఆపింది. వంకర తిరిగిన వేళ్లతో బల్ల మీద ఒక్కసారి కొట్టింది. చెవి పక్కకు పెట్టి ఆగింది. "ఏడాదైంది. ఆయన్నుంచి జవాబు రాలేదు. అడుగు" అంది.

అడుగుతున్నాను.

తేజ


సిద్దిపేట
21 నవంబరు 2025

బిడ్డా,

అందింది. రెండు మాట్ల సదివిన. మా నాయిన పేరు ఉన్నకాడ మీ అత్తతోని గూడ సదివిపిచ్చుకున్న, నా కన్ను అబద్ధం జెప్తాందేమో అని.

అమాస ముచ్చట నాకూ నా ఉలికీ మధ్య అన్నవు. మంచిగన్నవు. నిన్న అమాస. ఏడాది సంది ముట్టని ఉలి తీసి, కడిగి బొట్టు పెట్టిన. మాట్లాడుకున్నం. రాజీ అయినం అనుకుంటున్న.

28 నాడు సిద్దిపేట బస్సు ఎక్కుతున్న. మీ బాపును బస్‌స్టాండుకు రమ్మను. నువ్వు వానితోని మంచిగ మాట్లాడినవా? మాట్లాడకుంటె నేను వచ్చేలోపట మాట్లాడు.

కోడిని గొట్టం మీదికెల్లి దించుమను. వాన గొట్టం ఊడదీసి నీడకు ఆరబెట్టుమను, ఎండకు పెడ్తె పలుగుతది. నీ పెన్నులు ఇంకేదన్న డబ్బల ఏసుకో. పదకొండు గొట్టాలు పలిగినకాడ సరేసుతోని అతికిస్త, ఒక సిన్న తిత్తి కుడ్త. గుడి బాజ కాదు. ఒక్క పాటకు సాలుతదో సాలదో టీచరమ్మనే జెప్పాలె. మీ బాపుకు జెప్పి మంచి తోలు తెప్పియ్యి. ప్లాస్టిక్ తేవద్దను. గొర్రెది.

ఫణిభూషణ్ సారుకు జెప్పు, గొట్టాలు నాలుగు వందల పన్నెండు కాదు, పదకొండు. మిగిలినయి లెక్కపెట్టాలె, పోయినయి కాదు.

నీ కోపం ఆర్పకు. కుంపటి లెక్క బూడిద కప్పి ఉంచు, పనికొస్తది.

కింద రెండు సుక్కలు పెట్టిన, పనిల గీతలు గీసే పెన్సిల్‌తోని, గట్టిగ ఒత్తి. సంతకం గాదది. టీచరమ్మకు సూపెట్టు.

●   ●